గాలిచాటున అరవై కిలోమీటర్లు

రెండేళ్ళ కిందట నేను సైకిలు రేసుల్లోకి దిగేనాటికి నా చేతిలో ఏమేమి ఉన్నాయో ముందే చెప్పేస్తాను. నలభై ఆరేళ్ళ వయసు. ఎనభై మూడు కిలోల బరువు. ఇది ఉజ్జాయింపు కాదు. నేను కాటాలు అమ్మి బతికేవాణ్ణి, నా తూకంలో తేడా రాదు. రెండంతస్తుల మెట్లెక్కేసరికి అయిపోయే ఊపిరి. వారానికొక ఆదివారం. ఆ ఆదివారం తెల్లారకుండా ఎక్కడికి పోతున్నారని అడగని భార్య.

ఇదీ పెట్టుబడి. ఏం మిగిలిందో చివర్లో చెప్తాను. ఈలోగా, ఈ రెండేళ్ళలో నేను తెలుసుకున్న ఒక సత్యం మీ ముందు పెడుతున్నాను. వినగానే కోపం తెచ్చుకోకండి.

మనిషన్నవాడు ముందుకు వెళ్ళకూడదు!

చిన్నప్పటినుంచీ మనకి తప్పు నేర్పారు. ముందుండు, ముందుకు సాగు, ముందడుగు వెయ్యి అని గోడల మీద రాశారు, నోటుపుస్తకాల అట్టల మీద అచ్చేశారు. ఈ మాటలన్నీ ఎవరు చెప్పారో ఎప్పుడన్నా ఆలోచించారా? వెనకాల ఉన్నవాళ్ళు చెప్పారు. మనం ముందుంటే వాళ్ళకి గాలి తగలదు.

నమ్మకం లేకపోతే ఒక్క రేసు చూడండి. సైకిలు తొక్కేవాడికి శత్రువు రోడ్డు కాదు, ఎత్తు కాదు, వయసు కూడా కాదు. గాలి. వేగంగా వెళ్తున్నవాడి బలంలో ఎక్కువ భాగం ఎదురుగా ఉన్న గాలిని తొయ్యడానికే పోతుంది. వాడి వెనక చక్రానికి జానెడు దూరంలో ఇంకొకడు నక్కి వచ్చాడనుకోండి, వాడికి ఆ శ్రమలో మూడోవంతు ఊరికే మిగిలిపోతుంది. ముందువాడు చెమటతో తడిసిపోతాడు. వెనకవాడు పాట పాడుకుంటాడు. ఇద్దరూ ఒకే వేగంతో వెళ్తారు, ఒకే వేళకి చేరతారు!

ముప్పై ఏళ్ళుగా వ్యాపారంలో ఉన్నాను. ఇంత అందమైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

ఈ రహస్యం నాకు మొదటి ఏడాది తెలియదు. మా క్లబ్బులో ఏడాదికి ఆరు రేసులు. ఒక్కొక్కటి అరవై కిలోమీటర్లు. రెండు గంటల్లో గీత దాటితే పేరు జాబితాలో వేస్తారు. దాటలేరని తేలినవాళ్ళ కోసం రేసు వెనకాల ఒక వ్యాన్ వస్తుంది, సైకిలుతో సహా ఎక్కించుకుంటుంది. మొదటి ఏడాది ఆరు రేసుల్లోనూ నేను దాంట్లోనే తిరిగొచ్చాను. ఆ డ్రైవరుకి నా సీటు తెలుసు, నేను కిటికీ అద్దం ఎంతవరకు దించుకుంటానో తెలుసు. ఒకసారి నేనింకా తొక్కుతూండగానే వ్యాన్ పక్కకి తెచ్చి, తలుపు తెరిచి, "సార్, ఎలాగూ ఎక్కుతారు కదా, ఇక్కడ నీడ ఉంది, ఇక్కడే ఎక్కేయండి" అన్నాడు.

రెండో ఏడాది రెండు రేసులు కూడా అలాగే పోయాక, నన్ను చూసి జాలిపడింది మా క్లబ్బులోని పళ్ళ డాక్టరు. ఆయన సన్నగా, చువ్వలా ఉంటాడు. సైకిలుకున్న ప్రతి మరమేకూ ఎన్ని గ్రాములో తెలిసిన మనిషి. ఒకరోజు సీటు ఊడదీసి పట్టుకొచ్చి నా దుకాణంలో తూకం వేయించాడు. పాతది రెండువందల నలభై గ్రాములు, కొత్తది రెండువందల పన్నెండు. ఇరవై ఎనిమిది గ్రాములు తగ్గిందని ఆయన మొహం వెలిగిపోయింది. ఆ పూట ఆయన ఏం తిని వచ్చాడో నేను అడగలేదు. కొనుగోలుదారుణ్ణి నొప్పించడం మా ఇంటా వంటా లేదు.

"కాటాగారూ," అన్నాడు ఆయన. క్లబ్బులో నన్ను అందరూ అలాగే పిలుస్తారు. "మీరు గుంపుని వదిలేసి రోడ్డు పక్కన ఒక్కరే ఎందుకు తొక్కుతున్నారు?"

"అడ్డం రాకూడదని."

"ఎవరికి?"

"మీ అందరికీ."

"మీరు వ్యాపారస్తులని ఎవరో చెప్పారే," అన్నాడు.

నాకు తగిలింది. ఆ మూడో రేసులోనే గుంపులోకి దూరాను. దూరాక ఇంకెవరి మాటా వినలేదు. ఆ రేసులో యాభై ఐదో కిలోమీటరు దాకా వ్యాన్ మొహం చూడలేదు!

అప్పటినుంచీ ఈ విద్యని శ్రద్ధగా సాధన చేశాను. మొదటి సూత్రం, వీపుని బట్టి మనిషిని ఎంచుకోవడం. డాక్టరు వెనక చేరితే నాకు ఎడమ భుజం ఒక్కటే గాలి తప్పించుకుంటుంది. మా బేకరీ ఆయన అలా కాదు. పొద్దున్నే బస్తాల కొద్దీ పిండి పిసికి పిసికి ఆయనకి బీరువా లాంటి వీపు వచ్చింది. ఆయన వెనక చేరితే వానలో కూడా కళ్ళజోడు తుడుచుకోనక్కర్లేదు. రేసు మొదలవుతూనే అందరూ గడియారాలు చూసుకుంటారు. నేను ఆ వీపు ఎక్కడుందో చూసుకుంటాను.

రెండో సూత్రం కాస్త నాజూకైనది. ముందు తొక్కేవాడు అలిసిపోతే మోచేయి ఇలా బయటికి ఆడిస్తాడు. నా వంతు అయిపోయింది, ఇక నువ్వు ముందుకు రా అని అర్థం. మోచేయి చూసినవాడు వెళ్ళి తీరాలి. అది మర్యాద. అయితే ఆ మర్యాదలోనే మార్గం కూడా ఉంది: చూసినవాడు వెళ్ళాలి.

అందుకని నేను చూడను. మోచేయి ఆడే సమయానికి నాకు దాహం వేస్తుంది. లేదంటే గొలుసులో ఏదో చప్పుడు వినిపిస్తుంది. ముక్కు చీదుకోవాల్సి వస్తుంది. ఎడమ పక్క పొలంలో ఏదో కొంగ వాలుతుంది. మా క్లబ్బు సెక్రటరీ, రిటైరైన డ్రిల్లు మాస్టారు, మోటారు సైకిలు మీద పక్కనే వస్తూ అంతా గమనిస్తూనే ఉంటారు. ఒకసారి దగ్గరికి వచ్చి, "కాటాగారూ, మీకు కొంగలంటే ఇంత ఇష్టమని తెలియదు" అన్నారు.

"చిన్నప్పటినుంచీ అండి మాస్టారూ," అన్నాను.

మీలో కొందరు నన్ను చూసి మొహం చిట్లిస్తున్నారని తెలుసు. అయ్యా, నేనొక్కణ్ణే చేస్తున్నానా? అంబులెన్సు కూతవేస్తూ పోతూంటే దారి ఇచ్చేవాళ్ళు సగంమంది, దాని వెనక తగులుకుని సిగ్నళ్ళు దాటేవాళ్ళు సగంమంది. ఆ రెండో సగానికి జబ్బుపడ్డ మనిషి మీద ఎంత కృతజ్ఞత ఉండాలి! బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళండి. అందరి కడుపులోనూ ఒకే ప్రశ్న ఉంటుంది. ఎవరో ఒక అమాయకుడు లేచి అడిగేదాకా మిగతావాళ్ళు గోడ మీది పటాలు చూస్తారు. ఆయన అడిగాక అందరూ "అవునవును" అంటారు. ఏడాది పొడుగునా ప్రిన్సిపాలుకి గుర్తుండే మొహం మాత్రం ఆయనది.

మా బజారు వర్తక సంఘం సంగతి చెప్తాను. దుకాణాల ముందు మురుగు నిలుస్తోందని మునిసిపల్ ఆఫీసుకి ఒక అర్జీ రాశాం. మొదటి సంతకం ఎవరిదన్న దగ్గర మూడు వారాలు ఆగింది. చివరికి బట్టల దుకాణం ఆయనకి ఒక ఉపాయం తట్టింది. పదకొండుమందీ గుండ్రంగా సంతకాలు పెట్టాం, చక్రం గీసినట్టు. ఎవరు మొదలో ఎవరు చివరో కనిపెట్టలేరు. ఆఫీసువాళ్ళు అర్జీని ఏ వైపునుంచి చదవాలో తెలియక ఇంకా తిప్పుతూనే ఉన్నారు. మురుగు అలాగే ఉంది. కాని మాలో ఒక్కరికి కూడా గాలి తగల్లేదు!

ఇంత గొప్ప విద్యలోనూ చిన్న చిక్కు ఒకటుంది. దాచకుండా చెప్తాను.

వెనక తొక్కేవాడు చూడాల్సింది ముందువాడి చక్రాన్ని మాత్రమే. తల ఎత్తితే గాలి తగులుతుంది. నాలుగో రేసులో నేను తల ఎత్తలేదు. బేకరీ ఆయన వెనక చక్రం మీది నల్లటి గీత తప్ప నాకు లోకం లేదు. నలభై కిలోమీటర్లు దాటాక ఆయన ఎడమకి తిరిగాడు, నేనూ తిరిగాను. కుడికి తిరిగాడు, తిరిగాను. ఉన్నట్టుండి గాలి పూర్తిగా ఆగిపోయింది. ఆహా, ఈవేళ వీపు ఎంత బాగా కుదిరింది అనుకున్నాను. తర్వాత స్పీడు బ్రేకరు వచ్చింది. కుక్క అరిచింది. ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపించింది. రేసు దారిలో ఇదేమిటా అనుకుంటూనే తొక్కాను. చక్రం ఆగింది. తల ఎత్తి చూద్దును కదా, ఎదురుగా ఆకుపచ్చ రంగు గేటు.

బేకరీ ఆయన దిగి నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏంటండీ కాటాగారూ, మా ఇంటిదాకా వచ్చారు?"

"రేసు?"

"నేను మానేశానండీ. పొయ్యి దగ్గర కూర్చోవాల్సిన మనిషి రాలేదని మా ఇంట్లో ఫోను. చెయ్యి ఊపి మరీ పక్కకి తిరిగానే."

చెయ్యి ఊపడం నేను చూడలేదు. ఎందుకు చూడనో మీకు తెలుసు. వెనక్కి తిరిగి చూస్తే, నా చక్రాన్ని నమ్ముకుని మరో నలుగురు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక, వీధి మొదట్లో, మా వ్యాన్. డ్రైవరు కూడా మమ్మల్ని నమ్మాడు.

బేకరీ ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి మా ఆరుగురినీ, మా బిగుతు బట్టల్నీ ఓపిగ్గా చూసింది. "అందరికీ టీ పెట్టమంటారా," అని భర్తని అడిగింది, "లేకపోతే వీళ్ళు ఇంకా ముందుకి వెళ్ళాలా?"

టీ బాగుంది. అబద్ధమెందుకు చెప్పాలి.

ఆవేళ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాక మా ఆవిడ అడిగింది. అప్పటిదాకా ఎప్పుడూ అడగలేదు. ఆమె ఎందుకు అడిగిందో అర్థం కావాలంటే మా దుకాణం ఆదివారం సంగతి తెలియాలి.

ఇదివరకు ఆదివారాలు మా దుకాణం మూసి ఉండేది. నేను రేసులకనీ, రేసుల కోసం సాధనకనీ తెల్లారుజామున లేచి సామాను చప్పుడు చేస్తూ బయల్దేరడం మొదలుపెట్టాక ఆమెకీ నిద్ర పట్టేది కాదు. "ఎలాగూ లేచాను కదా" అని ఒక ఆదివారం షట్టరు తీసింది. కూరగాయలవాళ్ళకి, చేపలవాళ్ళకి, పాత ఇనుము కొనేవాళ్ళకి వారం అంతా తీరిక ఉండదు. పాడైన కాటాలు పట్టుకుని ఆదివారం రావడం మొదలుపెట్టారు. కొత్త కాటాలు అమ్మడం నా పని. మరమ్మతు ఆమె నేర్చుకుంది. ఎక్కడ నేర్చుకుందో నాకు తెలియదు. ఆదివారం సాయంత్రం నేను కాళ్ళకి తైలం రాసుకుని పడుకునే వేళకి ఆమె చేతులు సబ్బుతో రుద్దుకుంటూ ఉండేది. మా మధ్య పోటీ లేదు. ఎవరి పని వాళ్ళది.

"ఎన్ని రేసులయ్యాయండీ ఇప్పటికి?" అని అడిగింది.

"పది."

"ఎన్ని పూర్తిచేశారు?"

"పూర్తిచెయ్యడం ఒక్కటే ముఖ్యం కాదు."

"ఎన్నండీ?"

"ఇంకా ఏమీ చెయ్యలేదు."

ఆమె తల ఊపింది. కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది. "ఇంకా రెండున్నాయి కదా ఈ ఏడాదికి. వాటిల్లో ఒక్కటి, మీరనే ఆ రెండు గంటల్లోపల పూర్తిచెయ్యండి. చేస్తే ఆదివారాలు మీవే, మళ్ళీ నేను నోరెత్తను. చెయ్యకపోతే ఆదివారాలు నావి. షట్టరు మీరు తీస్తారు."

"నీకెందుకు ఆదివారం? ఏం చేస్తావు?"

"మీరు చేసేదాంట్లో ఏం చేస్తున్నారని నేను అడిగానా?"

బేరం సబబుగానే ఉంది. ఒప్పుకున్నాను. నా దగ్గర శాస్త్రం ఉంది కదా!

ఐదో రేసులో టైరు పంక్చరయింది. దాని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. మిగిలింది ఒక్కటి.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి. వ్యాపార రహస్యాన్ని దాచుకోవాల్సినవాణ్ణి, పంచిపెట్టాను. రేసు అయ్యాక టీ దగ్గర కొత్తగా చేరినవాళ్ళు చుట్టూ కూర్చుని, "కాటాగారూ, వయసు మీదపడ్డా మీరు అలసిపోరేమండీ" అని అడిగితే నా నోరు ఆగలేదు. వీపులు ఎంచుకునే పద్ధతి చెప్పాను. మోచేయి కనపడకుండా ఎక్కడ చూడాలో చెప్పాను. కొంగల ప్రయోజనం విడమర్చి చెప్పాను. గురువుగారూ అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

చివరి రేసునాటికి మా గుంపులో ముప్పై రెండుమందిమి. అందులో ముప్పై ఒక్కమందికి ఈ విద్య వచ్చు.

రాని ఆ ఒక్కరూ ఒక నర్సు. ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి నేరుగా రేసుకి వస్తుంది. ఆ ఏడాదంతా గుంపుకి ఎక్కువసేపు ముందు తొక్కింది ఆమే. ఎవరూ రమ్మనకుండానే ముందుకు వెళ్ళేది. ఆమెకి ఎవరూ చెప్పకపోవడం వల్ల అలా చేస్తోందని నేను జాలిపడేవాణ్ణి.

యాభై ఒకటో కిలోమీటరు దాకా అంతా సవ్యంగా జరిగింది. అక్కడ కాలవగట్టు రోడ్డు మొదలవుతుంది. తొమ్మిది కిలోమీటర్లు తిన్నగా ఎదురుగాలి. సెక్రటరీ మాస్టారు పక్కకి వచ్చి, "ఇంకా ఇరవై నాలుగు నిమిషాలుంది. హాయిగా వెళ్ళిపోవచ్చు" అని చెప్పి, గీత దగ్గర బల్ల వేయించడానికి ముందుకు వెళ్ళిపోయారు.

తొమ్మిది కిలోమీటర్లు, ఇరవై నాలుగు నిమిషాలు. నేను మనసులోనే లెక్క వేసుకున్నాను. కూరలకి వెళ్ళేవాడు కూడా చేరుకోగల వేగం అది. నా ఆదివారాలు నా జేబులో ఉన్నట్టే.

ముందు తొక్కుతున్న నర్సు మోచేయి ఆడించింది. ఆమె వెనకున్న ఆయనకి దాహం వేసింది. మళ్ళీ ఆడించింది. రెండో ఆయన గొలుసు చూసుకున్నాడు. మూడోసారి ఆడించింది. ఒక్కసారిగా ముప్పై ఒక్కమందిమీ ఎడమవైపు కాలవలోకి చూశాం. అక్కడ ఒక్క కొంగ కూడా లేదు.

ఆమె వెనక్కి తిరిగి మమ్మల్నందర్నీ ఒకసారి చూసింది. "సరే, మీరు మాట్లాడుకుంటూ రండి" అంది. అని, పెడల్ మీద లేచి నిలబడి, వెళ్ళిపోయింది.

ఆమెని తరమాలంటే ఎవరో ఒకరు ముందుకి వెళ్ళాలి. కాబట్టి తరమలేదు.

అప్పుడు మొదలైంది, పాఠకులారా, మా మర్యాదల పోటీ. గాలికి మొదటి మనిషి ఎవరవుతారన్నది తేలేదాకా ఎవరూ గట్టిగా తొక్కరు. గంటకి ఇరవై ఐదు కిలోమీటర్ల వేగం నుంచి ఇరవైకి వచ్చాం. ఇరవై నుంచి పదిహేనుకి వచ్చాం.

"రండి డాక్టరుగారూ, మీరు చిన్నవాళ్ళు," అన్నాను.

"అబ్బే, అనుభవం మీది. మీ తర్వాతే నేను," అన్నాడు పళ్ళ డాక్టరు.

"బేకరీ ఆయన వెళ్తారేమో."

"నాకు మోకాలు పట్టేసిందండీ," అంది బీరువా లాంటి వీపు, నా వెనకనుంచి. అవును, నా వెనకనుంచే. ఆయన నా వెనకాల ఎప్పుడు చేరాడో నేను చూసుకోలేదు.

మంచినీళ్ళ డబ్బాలు కట్టుకుని ఒకాయన పాత సైకిలు మీద మమ్మల్ని దాటి వెళ్ళాడు. పోతూ పోతూ బెల్లు కొట్టాడు. గట్టు మీద కర్ర పట్టుకుని నడుస్తున్న ఒక పెద్దావిడ పక్కకి ఒదిగి నిలబడి చేతులు జోడించింది. "ఎవరు పోయారు నాయనా?" అని అడిగింది.

"ఎవరూ పోలేదమ్మా, ఇది రేసు," అన్నాడు డాక్టరు.

ఆవిడ నమ్మినట్టు కనపడలేదు. చేతులు దించలేదు.

మూడు కిలోమీటర్లకి పన్నెండు నిమిషాలు పట్టింది. మిగిలింది ఆరు కిలోమీటర్లు, పన్నెండు నిమిషాలు. ఇప్పటికీ మించిపోలేదు. తలా కాసేపు ముందుకి వెళ్తే చేరుకుంటాం. ఎవరూ వెళ్ళకపోతే నేను వెళ్ళినా చాలు. ఒక్క రెండు నిమిషాలు నేను లాగితే, చూసి సిగ్గుపడి ఇంకొకరు వస్తారు. పైగా నాకు గెలవక్కర్లేదు. ముప్పై ఒక్కమందిలో ముప్పై ఒకటోవాడిగా వచ్చినా నా బేరం నెగ్గుతుంది.

డాక్టరు కూడా అదే మాట అన్నాడు. మా ఇంటి షరతు ఆయనకి తెలుసు. "కాటాగారూ, అవసరం మీది. వెళ్ళండి."

వెళ్దామని పెడల్ నొక్కాను కూడా. ముందు చక్రం గుంపు దాటి ఒక మూర బయటికి వచ్చింది. గాలి మొహాన కొట్టింది. గుంపులోకి దూరాక ఇదే మొదటిసారి. వెంటనే నా వెనక కిర్రుమని ఒక చప్పుడు. ముప్పైమందీ సంతోషంగా సర్దుకుని నా వెనక వరసలో చేరుతున్నారు! బేకరీ ఆయన మోకాలు కూడా బాగయింది!

వాళ్ళందరూ నా చాటున పాటలు పాడుకుంటూ వచ్చి, చివర్లో నన్ను దాటుకుని పోతారు. ముప్పైమంది. ఊరికే. నా వీపు మీద.

వ్యాపారస్తుణ్ణి అయ్యా. ఒంట్లో రక్తం అలాంటిది. నా ఆదివారాలు ఒక పక్క, ముప్పైమందికి ఊరికే పోయే గాలిచాటు ఇంకో పక్క పెట్టి తూచాను. కాలు దానంతట అదే ఆగిపోయింది. నాకు గొంతులో ఏదో అడ్డం పడి దగ్గు వచ్చింది. మళ్ళీ గుంపులో కలిసిపోయాను.

అలా వెళ్ళాం. చివరి మూడు వందల మీటర్ల దగ్గర మాత్రం, ఆహా, మీరు చూడాల్సింది! గంటన్నరగా దాచుకున్న బలం అందరి దగ్గరా నిండుగా ఉంది. ముప్పై ఒక్కమందిమీ ఒక్కసారిగా సీట్ల మీదనుంచి లేచాం. భుజాలు రాసుకున్నాయి, పళ్ళు పటపటలాడాయి. దేశం కోసం తొక్కినట్టు తొక్కాం. నేను గీత దాటేసరికి నా ముందు ముగ్గురే ఉన్నారు. జీవితంలో ఎప్పుడూ లేనిది, గుంపులో నాలుగోవాణ్ణి!

గీత దగ్గర మాస్టారు లేరు. కాస్త అవతల బల్ల మడతపెడుతున్నారు. నర్సు కాలవగట్టు మీద కూర్చుని అరటిపండు ఒలుచుకుంటోంది.

"మాస్టారూ, టైము?" అన్నాను.

ఆయన మెడలోని గడియారం తీసి చూపించారు. రెండు గంటల తొమ్మిది నిమిషాలు. "జాబితా పంపించేశానండీ," అన్నారు. "ఒక్కటే పేరు కదా, తొందరగా అయిపోయింది."

ఇంటికి వెళ్ళాక మా ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎంతమంది పూర్తిచేశారని అడిగింది. ఒక్కరన్నాను. మీరు కాదుగా అంది. కాదన్నాను. "కాని నేను నాలుగోవాడిగా వచ్చాను" అన్నాను. ఆమె నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఆ తర్వాత దుకాణం తాళాలు తెచ్చి నా సైకిలు టోపీలో వేసింది.

మొన్న ఆదివారం ఆరింటికే ఆమె తయారై బయల్దేరింది. ఎక్కడికని అడిగాను. "మీరు ఎప్పుడన్నా ఏ రోడ్డు మీద పోతున్నారో చెప్పారా?" అంది. చేతిలో చిన్న సంచీ ఉంది. మొహం చాలా తేలిగ్గా ఉంది. సాయంత్రం ఆరింటికి వస్తానని చెప్పి మెట్లు దిగింది.

నేను వెళ్ళేసరికి దుకాణం మెట్ల మీద తొమ్మిదిమంది ఒళ్ళో కాటాలు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఎవరూ లేవలేదు. నా భుజం మీదుగా వెనక ఎవరన్నా వస్తున్నారేమోనని చూశారు.

"అక్క ఏదండీ?" అంది చేపలమ్మే ఆవిడ.

"రాదు. ఇవాళ నేనే."

"మీకు వచ్చా ఈ పని?"

"దుకాణం నాదేనమ్మా."

"అది సరేనండీ. పని వచ్చా అని."

ఆవిడ పాత ఇనుము ఆయన వైపు తిరిగి, "ముందు నువ్వియ్యి అన్నా" అంది. "పర్లేదు తల్లీ, నీకు తొందర, నువ్వే ఇయ్యి" అన్నాడు ఆయన. కాసేపు ఆ తొమ్మిదిమందీ ఒకళ్ళనొకళ్ళు ఎంతో ఆప్యాయంగా ముందుకు పంపించుకున్నారు. నాకు ఆ సంభాషణ కొత్తగా ఏమీ అనిపించలేదు.

చివరికి చేపలావిడ కాటానే విప్పాను. లోపల ఉప్పు పేరుకుపోయి ఉంది. "అక్క అయితే ముందు ఉప్పు తుడుస్తుంది" అన్నారు. తుడిచాను. "అక్క అయితే బ్రష్షుతో తుడుస్తుంది." బ్రష్షు ఎక్కడుందో వాళ్ళే చూపించారు. మూత బిగించి అయిదు కిలోల రాయి పెడితే నాలుగు కిలోల ఆరువందలు చూపించింది. మళ్ళీ విప్పాను. ఈలోగా ఇంకో ఆరుగురు వచ్చారు. ఇద్దరు కూరగాయలవాళ్ళు ఎవరు ముందు వచ్చారన్న దాని మీద మాటా మాటా అనుకుంటున్నారు. అక్క అయితే పళ్ళేల మీద సుద్దతో నంబర్లు వేస్తుందట. సుద్ద దొరకలేదు. పాత ఇనుము ఆయన తెచ్చిన పెద్ద కాటా బల్ల మీదికి ఎత్తడానికి నేను నడుం వంచాను. అలాగే ఉండిపోయాను. "అక్క దాన్ని ఎత్తదండీ, కింద కూర్చునే చేస్తుంది" అన్నాడు ఆయన, కాస్త ఆలస్యంగా.

ఇక చివరి లెక్క. రెండేళ్ళలో పన్నెండు రేసులు. పూర్తిచేసినవి సున్నా. ఒంటి బరువులో తగ్గింది నాలుగు కిలోలు. ఊపిరి ఇప్పుడు నాలుగో అంతస్తు దాకా వస్తోంది. టీకి పిలిచే ఇల్లు ఒకటి కొత్తగా దొరికింది. ఇక పరుల వీపుల చాటున నేను పైసా శ్రమ లేకుండా కూడబెట్టిన బలం. పళ్ళ డాక్టరు కాగితం మీద వేసిన లెక్క ప్రకారం, ఆ బలంతో ఒక మనిషి ఎదురుగాలిలో ఒంటరిగా రెండువందల కిలోమీటర్లు తొక్కవచ్చు.

అదంతా మొన్న ఆదివారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకి అయిపోయింది. మా ఆవిడ ఆరింటికి గాని రాదు.